బీఎస్సీ జువాలజీకి అప్పు చేసే ముందు

బ్యాంకులో సంతకం పెట్టకముందే చూసుకోండి.

• చదువు పూర్తయ్యాక ఏడాది వరకు సాధారణంగా కిస్తీ ఉండదు. వడ్డీ మాత్రం డబ్బు తీసుకున్న రోజు నుంచే నడుస్తుంది. లక్షకు 10 శాతమైతే నాలుగేళ్లకు 40,000 రూపాయలు. వీలైతే వడ్డీ నెలనెలా కట్టేయండి.

• జీతాల సంగతి కాలేజీవాళ్లను కాదు, నెల్లూరు తీరంలో రొయ్యల హేచరీల్లో (గుడ్లు పొదిగించి పిల్లలను పెంచే కేంద్రాల్లో) పనిచేసే పాత విద్యార్థులను అడగండి. రాత్రి డ్యూటీలో గాజు బీకరు వెలుతురుకెత్తి రొయ్య పిల్లలను పరీక్షించే పని మీకు నచ్చుతుందా? గది అద్దె, మెస్ పోగా చేతిలో మిగిలేదెంతో రాసుకోండి.

• టీచరవ్వాలంటే బీఈడీ, పరిశోధనకైతే ఎమ్మెస్సీ. ఆ రెండేళ్ల ఖర్చూ ఇప్పుడే కలపండి.

• ప్రభుత్వ కాలేజీలో సీటు ముందు ప్రయత్నించండి.

• అమ్మ గాజులు తాకట్టుకు పోనివ్వకండి. మా ఇంట్లో పోయాయి, ఆ బోసి చేతులు నాకింకా గుర్తే.