వంటింటి కుళాయి కారుతోందా? ముందు స్పిండిల్ చూడండి

మా సింకు కుళాయి ఎంత బిగించినా చుక్క చుక్కా కారేది. రాత్రి కింద గిన్నె పెడితే తెల్లారేసరికి నిండిపోయేది. ప్లంబరు రేపొస్తా, ఎల్లుండొస్తా అంటుంటే విసుగొచ్చి నేనే విప్పాను.

ముందు సింకు కింద ఉండే వాల్వు కట్టేయండి. అది లేకపోతే ట్యాంకు దగ్గర గేట్ వాల్వు. తర్వాత కుళాయి తిప్పి పైపులో మిగిలిన నీళ్లు వదిలేయండి. సింకు కన్నానికి గుడ్డ అడ్డం పెట్టడం మాత్రం మరిచిపోవద్దు. నా మొదటి స్క్రూ అందులోనే పోయింది!

పిడి మీది చిన్న మూత గీకి తీస్తే లోపల స్క్రూ ఉంటుంది. పిడి ఊడాక, పానాతో ఎడమవైపు తిప్పితే స్పిండిల్, అంటే పిడితో పాటు తిరిగే లోపలి కడ్డీ, బయటికొస్తుంది. నాలుగైదు చుట్లు తిప్పే పాత రకం కుళాయిలో దాని చివర రబ్బరు వాషరు ఉంటుంది. మాది నొక్కుకుపోయి, మధ్యలో గాడి పడింది. అది మారిస్తే చాలు. పావు చుట్టుకే తిరిగే కొత్త రకమైతే లోపల సిరామిక్ బిళ్లలుంటాయి, కాబట్టి స్పిండిల్ మొత్తం మార్చాలి. కొలతలు రకరకాలు, అందుకని పాతది జేబులో వేసుకునే షాపుకెళ్లండి.

బోరు నీళ్లయితే లోపల తెల్లగా పేరుకున్న గారను నిమ్మచెక్కతో రుద్ది, కడిగి బిగించండి. మరీ బలంగా బిగిస్తే కొత్త వాషరు కూడా నలిగిపోతుంది.

నీళ్లు కుళాయి మూతి నుంచి కాకుండా గోడ దగ్గర కారుతుంటే మాత్రం స్పిండిల్ జోలికి పోకండి. అక్కడ మర మీద టెఫ్లాన్ టేపు కొత్తగా చుట్టాలి.