మన సర్వర్ మనమే నడుపుకుందాం: 4వ పాఠం – నియమం రాయడం

పోయిన పాఠంలో డిస్కార్డ్ అనే చాటింగ్ యాప్‌లో సర్వర్ (మన గుంపు కలిసే చోటు) తెరిచి ధరలకొక చానెల్, జబ్బులకొక చానెల్, ఊసుపోని కబుర్లకొకటి పెట్టుకున్నాం. ఈ వారం నియమాలు రాద్దాం. కాగితం, పెన్ను తెచ్చుకోండి. ఫోన్లో రాయబోతే ఎవరివో కాపీ కొట్టాలనిపిస్తుంది, నేను అలాగే చెడిపోయాను.

విడవలూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల రైతుల కోసం సర్వర్ పెట్టినప్పుడు నా మొదటి నియమం ‘అందరూ మర్యాదగా మాట్లాడాలి’. నాలుగో రోజే గొడవ. ఒక మామ ఇంకొకాయన్ని ‘నీకు గుంటలెందుకు, గేదెలు తోలుకోపో’ అన్నాడు. మెసేజ్ తీసేశాను. వెంటనే ఫోన్.

‘ఏందబ్బయా, నేనేమన్నా బూతు మాట్లాడానా?’

జవాబు లేదు నా దగ్గర. మర్యాద అంటే ఏందో నేను రాయలేదు గదా! ఆ రాత్రే మార్చాను: ‘ఎదుటివాళ్ల కులం, ఇల్లు, చదువు, అప్పు ఎత్తి మాట్లాడితే మెసేజ్ తీసేస్తాం.’ ఇప్పుడు మెసేజ్ చూసి ఎవరైనా చెప్పొచ్చు, ఎత్తాడా లేదా అని. మామ గేదెల మాట దీని కింద తప్పు కాదు. మళ్లీ పెట్టుకోనిచ్చాను.

ధరల చానెల్‌కి ఒక్క నియమం చాలు: కౌంట్, ఊరు, తేదీ లేని ధర పెట్టకూడదు. కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో అదే కౌంట్. 30 కౌంట్ ధరకీ 100 కౌంట్ ధరకీ పొంతనే ఉండదు. అది చెప్పకుండా ‘రేటు పెరిగింది’ అంటే ఎవరికి పనికొస్తుంది?

అసలు తలనొప్పి జబ్బుల చానెల్. ‘ఫలానా ఆయన గుంటకి వైట్ స్పాట్ వచ్చిందంట’ అని ఒక ముక్క పడిందంటే చుట్టుపక్కల వాళ్లు టెన్షన్‌తో ఎదగని రొయ్యల్నే పట్టేస్తారు. సరుకంతా ఒకేసారి వస్తే కొనేవాడు ధర తగ్గిస్తాడు. పుకారని తేలినా ఆ నష్టం తిరిగి రాదు. అట్లని జబ్బు కబురే వద్దంటే ఇంకా ప్రమాదం. నిజంగా వచ్చి ఉంటే, అదే కాలవ నీళ్లు తోడుకునే వాళ్లు వెంటనే మోటార్లు ఆపాలి. అందుకని రెండూ కుదిరేట్టు ఇలా రాశాను: ‘సొంత గుంట గురించి ఏమైనా చెప్పొచ్చు. పక్కవాళ్లదైతే పేరు, ఫొటో పెట్టొద్దు. ఏ కాలవో, పీసీఆర్ పరీక్ష (ల్యాబ్‌లో జబ్బు తేల్చేది) అయిందో లేదో చెప్పాలి.’ ఈ మూడు ముక్కలకి నాకు వారం పట్టింది.

ఆ చానెల్లోనే మందుల నియమం కూడా. వైట్ స్పాట్ వైరస్ జబ్బు. యాంటీబయాటిక్ దాని మీద పనిచేయదు. పైగా క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు రొయ్యల సాగులో నిషేధం. వాటి అవశేషాలు దొరికితే ఎగుమతి సరుకు వెనక్కి వస్తుంది. ‘గ్యారంటీ మందు’ అని పోస్టు పెడితే హెచ్చరిక లేదు, నేరుగా బ్యాన్. ఇక్కడ మాత్రం నేను మెత్తబడను.

మిగతావాటికి శిక్ష మెట్లు మెట్లుగా ఉండాలి. మొదట మెసేజ్ తీసేయడం, తర్వాత టైమౌట్, అంటే కొంతసేపు మెసేజ్ పెట్టనీయకపోవడం. డిస్కార్డ్‌లో టైమౌట్ 28 రోజులు దాటదు, మనకి ఒక రోజు చాలు. కిక్ చేస్తే, అంటే సర్వర్ నుంచి బయటికి పంపితే, లింకు పట్టుకుని మళ్లీ రావచ్చు, బ్యాన్ చేస్తే రాలేడు. ఈ తేడా తెలియక నేను తీసేసిన మనిషే సాయంత్రానికి నమస్కారం పెట్టాడు.

బూతుల్ని ఆపడానికి డిస్కార్డ్‌లోనే ఆటోమాడ్ ఉంది, మనం ఇచ్చిన మాటలున్న మెసేజ్‌ని అదే ఆపేస్తుంది. ఆ మాటల్ని తెలుగు లిపిలోనూ, ఇంగ్లీషు అక్షరాల్లోనూ రెండు విధాలా ఇవ్వాలి. ఆ జాబితా రాసేటప్పుడు ఇంట్లోవాళ్లు పక్కన లేకుండా చూసుకోండి.

ఇక మీ పని. మీ గుంపులో జరిగిన గొడవ ఒకటి గుర్తు తెచ్చుకుని, దాన్ని ఆపే నియమం ఒక్క వాక్యంలో రాయండి. ఆ గొడవ సంగతి తెలియని మనిషికి చూపించి, పాత మెసేజ్‌లు ఐదు ఇచ్చి, ఏవి తప్పో గుర్తు పెట్టమనండి. మీరు పెట్టిన గుర్తులూ వాళ్లవీ కలవకపోతే వాక్యం మార్చండి. అది తెచ్చుకుంటే 5వ పాఠంలో మోడరేటర్లని, అంటే ఈ నియమాలు అమలు చేసేవాళ్లని ఎంచుకుందాం.