సమాంతర వాయుమార్గాలు వంపు తిరిగే చోట అంతరాన్ని లెక్కగట్టే పద్ధతి

చార్టు మీద వాయుమార్గపు వంపు స్కేలుతో గీసిన మూలలా కనిపిస్తుంది కానీ, ఏ విమానమూ ఆ మూలలా ఠక్కున తిరగదు. ఆర్‌నావ్ 5 అనే దారి కచ్చితత్వపు ప్రమాణం ప్రకారం విమానం తన ప్రయాణ సమయంలో 95 శాతం మార్గానికి అటూ ఇటూ 5 నాటికల్ మైళ్లలోపు ఉండాలి. దాని ఆధారంగా ఐరోపాలో ఒకే దిశలో సాగే సమాంతర మార్గాల మధ్య 16.5, ఎదురెదురు మార్గాల మధ్య 18 నాటికల్ మైళ్ల అంతరాన్ని పాటించారు. ఇలాంటి అంకెలు ప్రధానంగా తిన్నని భాగానికి సరిపోయేవి. మార్గాలను ఇంకా దగ్గరగా వేయాలనుకున్నప్పుడు మలుపును విడిగా పరీక్షించక తప్పదు. ఇక్కడ 7 నాటికల్ మైళ్ల (ఇకపై మైళ్లంటే ఇవే) దూరంలో ఎదురెదురుగా సాగే రెండు మార్గాలు 60 డిగ్రీలు తిరిగే సందర్భాన్ని తీసుకుందాం.

మొదట చూడవలసింది వేపాయింట్ల, అంటే దారి మలుపు తిరిగే బిందువుల, స్థానం. కొత్తగా డిజైన్ నేర్చుకునేవారు రెండు వేపాయింట్లనూ తిన్నని భాగానికి లంబంగా, పక్కపక్కనే పెట్టేస్తుంటారు. అలా పెడితే మలుపు తరువాత అంతరం 60 డిగ్రీల కొసైన్ మేరకు, అంటే సగానికి తగ్గిపోయి, 7 మైళ్లు 3.5 అవుతుంది. నమ్మకం కుదరకపోతే గ్రాఫు కాగితం మీద రెండు నిమిషాల్లో గీసి చూసుకోవచ్చు. రెండు వేపాయింట్లూ ఒకే కోణ సమద్విఖండన రేఖ మీద ఉన్నప్పుడే మలుపుకు ముందూ తరువాతా అంతరం ఒకటిగా ఉంటుంది. అప్పుడు ఆ రేఖ వెంబడి వేపాయింట్ల మధ్య దూరం 7 కాదు, 8.08 మైళ్లు.

తరువాత మలుపు వ్యాసార్ధాన్ని లెక్కగట్టాలి. నాట్లలో (గంటకు నాటికల్ మైళ్లలో) ఉన్న భూవేగాన్ని, అంటే నేలతో పోలిస్తే ఉండే వేగాన్ని, వర్గం చేసి, 68,625తోనూ, విమానం పక్కకు ఒరిగే బ్యాంక్ కోణపు టాంజెంట్‌తోనూ భాగిస్తే వ్యాసార్ధం నాటికల్ మైళ్లలో వస్తుంది. 480 నాట్ల వేగంతో 25 డిగ్రీలు ఒరిగే విమానానికి అది 7.2 మైళ్లు, అదే విమానం 15 డిగ్రీలే ఒరిగితే 12.5 మైళ్లు. ఇక్కడ లెక్కలోకి తీసుకోవలసింది గాలిలో వేగాన్ని కాదు, భూవేగాన్ని. 80 నాట్ల గాలి వీస్తుంటే దాని వాలులో పోయే విమానం 560 నాట్లతోనూ, ఎదురుగా వచ్చేది 400 నాట్లతోనూ కదులుతాయి. వేగం వర్గంలో ఉంది కాబట్టి వ్యాసార్ధాల మధ్య తేడా ఇంకా పెరుగుతుంది: 15 డిగ్రీలు ఒరిగే మొదటిదానికి 17 మైళ్లు, 25 డిగ్రీలు ఒరిగే రెండోదానికి 5. మలుపు తిరుగుతుండగా గాలి కోణం మారుతుంది నిజమే, కానీ అంతరం లెక్కలో రెండు కొసలనూ పట్టుకోవడమే క్షేమం.

ఫ్లై-బై మలుపులో విమానం వేపాయింటును చేరకముందే తిరగడం మొదలుపెట్టి మూలను లోపలి నుంచి కోసుకుంటూ పోతుంది. 60 డిగ్రీల మలుపులో ఈ కోత వ్యాసార్ధంలో 0.155 వంతు ఉంటుంది. బయటి మార్గంలో వేగంగా వచ్చే విమానం 2.63 మైళ్లు లోపలికి జరగగా, లోపలి మార్గంలో నెమ్మదిగా వచ్చేది 0.77 మైళ్లే జరుగుతుంది. 8.08 నుంచి 2.63 తీసేసి 0.77 కలిపితే మిగిలేది 6.22 మైళ్లు. కాగితం మీది 7 మైళ్ల అంతరం, ఎవరూ దారి తప్పకుండానే, ముప్పాతిక మైలు మేర తరిగిపోయింది. 90 డిగ్రీల మలుపైతే ఇదే లెక్క 5 మైళ్ల దగ్గరికి దిగుతుంది.

ఫ్లై-ఓవర్ వేపాయింటును ఇలాంటి చోట పెట్టకూడదు. వేపాయింటు దాటాకే తిరగడం మొదలుపెట్టిన విమానం కొత్త దారికి సమాంతరమయ్యేలోపు వ్యాసార్ధంలో సగం దూరం బయటికి జారుతుంది. 12.5 మైళ్ల వ్యాసార్ధానికి అది 6.25 మైళ్లు, అంటే పక్క మార్గం దాదాపు నెత్తిమీదికి వచ్చినట్టే.

స్థిర వ్యాసార్ధపు మలుపు ఈ అనిశ్చితికి మందు. ఫ్లైట్ లెవెల్ 195 (సుమారు 19,500 అడుగుల ఎత్తు), ఆపైన 22.5 మైళ్లు, అంతకు దిగువన 15 మైళ్లు అని వ్యాసార్ధాన్ని ముందే నిర్ణయించడం వల్ల గాలి ఎలా ఉన్నా రెండు విమానాలూ ఒకే ఆకారపు చాపం మీద తిరుగుతాయి, అంతరం 7 కంటే తగ్గదు. అయితే ఈ సామర్థ్యం ఉన్న విమానాలనూ లేనివాటినీ కలిపి నడిపితే పరిస్థితి మొదటికంటే అధ్వాన్నమవుతుంది. బయటి విమానం 22.5 మైళ్ల చాపంతో 3.48 మైళ్లు లోపలికి రాగా, లోపలిది 0.77 దగ్గరే ఉండిపోతే మిగిలేది 5.37 మైళ్లు. దీన్ని చాలామంది గమనించరు.

బంగాళాఖాతం మీద ఆర్‌ఎన్‌పీ 10 (దారికి అటూ ఇటూ 10 మైళ్లలోపు ఉండాలనే ప్రమాణం) మార్గాలకు 50 మైళ్ల అంతరం ఉండే చోట ఈ రెండు మూడు మైళ్ల గురించి ఎవరూ తల పట్టుకోనక్కరలేదు.

అంతరాన్ని పెంచే వీలు లేనప్పుడు 60 డిగ్రీల వంపును రెండు 30 డిగ్రీల వంపులుగా విడగొట్టవచ్చు. అప్పుడు రెండు మార్గాల వేపాయింట్ల మధ్య దూరం 7.25 మైళ్లు, కోతలు 0.60, 0.18 మైళ్లు అవుతాయి కాబట్టి అంతరం 6.83 మైళ్ల దగ్గర నిలుస్తుంది. 17 మైళ్ల వ్యాసార్ధంతో తిరిగే విమానానికి ప్రతి వంపుకూ ఇరువైపులా 4.56 మైళ్లు కావాలి. అందుచేత ఒకే మార్గం మీది ఆ రెండు వంపుల వేపాయింట్ల మధ్య కనీసం 9.12 మైళ్లు, విమానం ఒరగడానికీ నిటారుగా రావడానికీ పట్టే దూరం దానికి అదనంగా, ఉండేలా చూసుకోవాలి.