పాలమూరు, నల్లగొండ నుంచి విదేశాలకు: పెద్ద ఎయిర్‌పోర్టులో దారి తప్పకుండా గేటు ఎలా చేరాలి?

పెద్ద ఎయిర్‌పోర్టు మొత్తం ఎవరికీ తెలియక్కర్లేదు. మీకు కావాల్సింది ఒక్క దారి, గుమ్మం నుంచి మీరు విమానం ఎక్కే గేటు దాకా. మన దేశం నుంచి పోయేటప్పుడు ఆ దారిలో వరస మారదు: చెకిన్ (పెట్టెలు ఇచ్చి బోర్డింగ్ పాస్ తీసుకోవడం), ఇమిగ్రేషన్ (పాస్‌పోర్టు, వీసా తనిఖీ), సెక్యూరిటీ, గేటు. దారి తప్పేవాళ్లలో ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లూ ఉంటారు. బోర్డు చదవకుండా ముందు నడిచే గుంపు వెంట పోవడమే చాలాసార్లు కొంప ముంచుతుంది. ఆ గుంపు వేరే ఊరికి పోతుండొచ్చు.

1. ముందు తేదీ సరిచూసుకోండి

శంషాబాద్ నుంచి గల్ఫ్‌కు, గల్ఫ్ మీదుగా అమెరికాకు పోయే విమానాలు చాలా వరకు అర్ధరాత్రి దాటాక బయల్దేరతాయి. టికెట్ మీద 14వ తేదీ 02:50 అని ఉంటే మీరు ఇల్లు విడవాల్సింది 13వ తేదీ సాయంత్రం. 14 రాత్రి అనుకొని పోతే విమానం వెళ్లిపోయి దాదాపు ఒక రోజు అవుతుంది. ఇంట్లో క్యాలెండర్ మీద 13 చుట్టూ గీత గీయండి, కారు మాట్లాడేటప్పుడు కూడా 13 అనే చెప్పండి.

టర్మినల్ దగ్గర మూడు గంటల ముందు ఉండాలి. చాలా విమాన సంస్థలు గంట ముందే చెకిన్ కౌంటర్ మూసేస్తాయి, ఆ తర్వాత బతిమాలినా లాభం ఉండదు. మహబూబ్‌నగర్ వాళ్లకు దారి సులువు. జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా 44వ జాతీయ రహదారి నేరుగా శంషాబాద్ తెస్తుంది, సిటీలోకి పోనక్కర్లేదు. కల్వకుర్తి, అచ్చంపేట వాళ్లు శ్రీశైలం రోడ్డులో తుక్కుగూడ దాకా వస్తే చాలు. దేవరకొండ నుంచి సాగర్ రోడ్డులో వస్తే బొంగుళూరు దగ్గర, నల్లగొండ నుంచి చౌటుప్పల్ మీదుగా వస్తే పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కాలి. సంక్రాంతి అయ్యాక బండ్లన్నీ హైదరాబాద్ తిరిగొచ్చే రెండు మూడు రోజులు పంతంగి టోల్‌గేట్ దగ్గర గంటలకొద్దీ ఆగిపోవచ్చు. ఆ రోజుల్లో ఇంకా ముందే బయల్దేరండి.

2. ఏ వస్తువు ఏ సంచిలో

పవర్‌బ్యాంకు చేతిసంచిలోనే ఉండాలి, పెద్ద పెట్టెలో దొరికితే పెట్టె ఆపుతారు. మామూలుగా 100 వాట్ అవర్ వరకు, అంటే సుమారు 27,000 ఎంఏహెచ్ దాకా ఒప్పుకుంటారు. చేతిసంచిలో ద్రవాలేవైనా 100 మిల్లీలీటర్లకు మించని సీసాల్లో ఉండాలి. నెయ్యి, పచ్చళ్లు కూడా ఆ లెక్కలోకే వస్తాయి, కాబట్టి వాటిని రెండు మూడు కవర్లు చుట్టి పెద్ద పెట్టెలో పెట్టండి. ఎండు కొబ్బరి కుడకలు మాత్రం ఆ పెట్టెలో పెట్టొద్దు. వాటిలోని నూనె తేలిగ్గా అంటుకుంటుందని నిషేధించారు.

గసగసాలు గల్ఫ్ దారిలో అసలు వద్దు. దుబాయ్, సౌదీ, ఖతార్‌లలో వాటిని మత్తుపదార్థాల కిందే లెక్కిస్తారు, దొరికితే జైలు. అమ్మ ఇచ్చిన మసాలా పొడిలో అవి కలిసి ఉన్నాయేమో అడిగి మరీ సర్దుకోండి.

పాస్‌పోర్టు మీద ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) అని ఉండి గల్ఫ్‌కు పనికి పోతున్నారా? ఈ-మైగ్రేట్ క్లియరెన్స్ (విదేశంలో పనికి పోవడానికి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే అనుమతి) లేకుంటే ఇమిగ్రేషన్ దగ్గరే వెనక్కి పంపుతారు. విజిట్ వీసా మీద పోయి అక్కడ పనిలో చేరొచ్చనే ఏజెంటు మాట నమ్మొద్దు.

3. చెకిన్ కౌంటర్ దగ్గర మూడు ప్రశ్నలు

శంషాబాద్‌లో బయల్దేరే విమానాలకు పై అంతస్తు, దిగేవాళ్లకు కింది అంతస్తు. కారు పై రోడ్డుకే ఎక్కించమని డ్రైవర్‌కు చెప్పండి. టర్మినల్ గుమ్మం దగ్గర సీఐఎస్ఎఫ్ వాళ్లు పాస్‌పోర్టు, టికెట్ చూసి ప్రయాణికులనే లోపలికి వదులుతారు. సాగనంపడానికి జీపు నిండా వచ్చినవాళ్లతో కబుర్లు అక్కడే ముగించాలి.

లోపల పెద్ద తెర మీద మీ విమానం నంబరు వెతకండి. ఊరి పేరు ఒక్కటే చూస్తే పొరపాటు పడతారు, ఎందుకంటే ఒకే ఊరికి రెండు మూడు విమానాలు ఉండొచ్చు. నంబరు పక్కన కౌంటర్ల వరస ఉంటుంది. టికెట్ ఒక సంస్థ పేరు మీద ఉండి విమానం ఇంకో సంస్థ నడుపుతుంటే, టికెట్‌లో ‘ఆపరేటెడ్ బై’ అన్నచోట ఉన్న సంస్థ కౌంటర్‌కే పోవాలి.

పెట్టెలు బరువు తూచాక ఈ మూడూ అడగండి. నా పెట్టె చివరి ఊరి దాకా పోతుందా? రెండో విమానం బోర్డింగ్ పాస్ కూడా ఇప్పుడే ఇస్తారా? ఆ విమానం ఏ టర్మినల్ నుంచి? పెట్టెకు కట్టే ట్యాగు మీద పెద్ద అక్షరాల్లో మూడక్షరాల ఊరి కోడ్ ఉంటుంది. దుబాయ్‌కి డీఎక్స్‌బీ, దోహాకు డీఓహెచ్, డాలస్‌కు డీఎఫ్‌డబ్ల్యూ. డాలస్ పోయే పెట్టె మీద డీఓహెచ్ ఒక్కటే కనిపిస్తే బెల్టు మీద కదలకముందే చెప్పాలి. సామాను రసీదు స్టిక్కర్లను ఫోన్‌తో ఫొటో తీసుకోండి, పెట్టె తప్పిపోతే అదే ఆధారం.

రెండు విమానాలకు విడివిడిగా టికెట్లు కొన్నవాళ్ల పెట్టె చివరి ఊరి దాకా పోకపోవచ్చు. మధ్య ఊళ్లో బయటికి వచ్చి పెట్టె తీసుకొని మళ్లీ చెకిన్ చేయాల్సి వస్తుంది, దానికి ఆ దేశం వీసా కావాల్సి రావచ్చు. చవగ్గా దొరికిందని ఇలాంటి టికెట్ కొనేముందు ఇది ఆలోచించండి.

4. బోర్డింగ్ పాస్ మీద గేటు నంబరు మారొచ్చు

మహబూబ్‌నగర్ బస్టాండ్‌లో ఏ ఊరి బస్సు ఏ ప్లాట్‌ఫారం మీద ఆగుతుందో చాలాకాలం అలాగే ఉంటుంది, కానీ ఇక్కడ గేటు ఏ రోజుకారోజు, ఒక్కోసారి గంటలో మారిపోతుంది. సెక్యూరిటీ దాటగానే ఒకసారి, గేటు దగ్గర కూర్చున్నాక అరగంటకోసారి తెర చూడండి. చాలా పెద్ద ఎయిర్‌పోర్టుల్లో అందరికీ వినిపించేలా పిలవరు, కాబట్టి పిలుస్తారులే అని నిద్రపోతే అంతే.

పాస్ మీద రెండు టైములు ఉంటాయి. ఒకటి విమానం కదిలేది, రెండోది బోర్డింగ్‌ది. మీరు పట్టించుకోవాల్సింది రెండోదాన్ని. గేటు సాధారణంగా విమానం కదలడానికి 15 నుంచి 20 నిమిషాల ముందే మూసేస్తారు. ముందు గేటు ఎక్కడుందో కళ్లారా చూసి రండి, కాఫీ, బాత్రూమ్, డ్యూటీఫ్రీ ఆ తర్వాత.

5. విమానం మారేచోట

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. దిగిన విమానంలో సగం మంది ఆ ఊరివాళ్లు, వాళ్లు ‘అరైవల్స్’, ‘బ్యాగేజ్ క్లెయిమ్’ బోర్డుల వైపు పోతారు. మీరు ‘ట్రాన్స్‌ఫర్స్’ లేదా ‘కనెక్షన్స్’ అన్న బోర్డు వెంట పోవాలి. చదవడం రాకపోతే బొమ్మలు చూడండి. ముక్కు పైకెత్తిన విమానం బయల్దేరేవాళ్లకు, ముక్కు కిందికి దించిన విమానం, సూట్‌కేసు బొమ్మ దిగేవాళ్లకు. ఇమిగ్రేషన్ దాటి బయటికి పోతే వెనక్కి రావడం చాలా కష్టం, వీసా లేకపోతే అసలు దాటనివ్వరు.

తర్వాత మళ్లీ సెక్యూరిటీ ఉంటుంది, శంషాబాద్‌లో కొన్న నీళ్ల సీసా అక్కడ పడేయాల్సిందే. ఖాళీ స్టీలు సీసా తీసుకుపోతే లోపలి కుళాయి దగ్గర నింపుకోవచ్చు. ఆ తర్వాత తెర మీద నంబరు వెతికితే గేటు ముందు ఒక అక్షరం కనిపిస్తుంది: ఏ, బీ, సీ. ముందు ఆ అక్షరం పట్టుకోండి, అంకె తర్వాత. దుబాయ్ మూడో టర్మినల్‌లో బీ గేట్ల నుంచి ఏ గేట్లకు రైలు ఎక్కాలి, సీ గేట్లకు నడవాలి. ఫ్లైదుబాయ్ విమానం రెండో టర్మినల్ నుంచి ఉంటే బస్సులో పంపుతారు, దానికి టైము ఎక్కువే పడుతుంది. దోహాలో మధ్యలో పెద్ద పసుపు టెడ్డీబేర్ కనిపిస్తుంది. కుటుంబంతో పోతుంటే విడిపోయినవాళ్లు దాని దగ్గరికి రావాలని ముందే చెప్పుకోండి. మీ విమానానికి ఇంకా ఆరేడు గంటలుంటే గేటు నంబరు తెర మీద రాకపోవచ్చు, కంగారు పడొద్దు.

గడియారం సంగతి మరవకండి. దుబాయ్ మనకన్నా గంటన్నర వెనక, దోహా రెండున్నర గంటలు. ఫోన్‌కు నెట్ అందకపోతే ఇండియా టైమే చూపిస్తుండొచ్చు, అందుకే గోడ మీది తెరలో టైమే లెక్క. వైఫై కోసం కొన్నిచోట్ల ఫోన్‌కు ఓటీపీ పంపుతారు. మీ సిమ్‌కు రోమింగ్ లేకపోతే అది రాదు, కావలసిన నంబర్లు, చిరునామా కాగితం మీద రాసుకోండి.

మొదటి విమానం ఆలస్యమై రెండోది పోతే ఎగ్జిట్ వైపు పోవద్దు. ఆ సంస్థ ట్రాన్స్‌ఫర్ డెస్కుకు పోండి. రెండూ ఒకే టికెట్ మీద ఉంటే వేరే విమానంలో చోటు చూపే బాధ్యత వాళ్లదే.

పెద్దవాళ్లను ఒంటరిగా పంపుతుంటే

నడవలేనివాళ్లకు వీల్‌చైర్ టికెట్‌తోపాటే, లేదా కనీసం 48 గంటల ముందు అడగాలి. అది ప్రతి విమానం మార్పు దగ్గరా ఉందని టికెట్ మీద సరిచూడండి. నడవగలిగి భాష రానివాళ్లకు కూడా చాలామంది వీల్‌చైరే అడుగుతున్నారు. దాంతో నిజంగా నడవలేనివాళ్లు గంటలు ఎదురుచూస్తున్నారు. భాష రానివాళ్లకు డబ్బు కట్టి తీసుకునే ‘మీట్ అండ్ అసిస్ట్’ సేవ (ఒక మనిషి తోడుండి దారి చూపేది) మేలు. మెడలో ఒక సంచిలో పాస్‌పోర్టు, విమానం నంబర్లు, పిల్లల ఫోన్ నంబరు, ఉండబోయే ఇంటి చిరునామా ఇంగ్లీషులో రాసిన కాగితం పెట్టండి. ఇమిగ్రేషన్ ఆఫీసరు ఆ చిరునామా కూడా అడగొచ్చు.

6. దిగాక

అమెరికాలో మొదట దిగిన ఊళ్లోనే ఇమిగ్రేషన్ జరుగుతుంది. పెట్టె చివరి ఊరి దాకా ట్యాగు చేసి ఉన్నా, సాధారణంగా అక్కడే తీసుకొని, కస్టమ్స్ దాటించి, పక్కనే ఉండే బెల్టు మీద మళ్లీ వేయాలి. అబుదాబి మీదుగా పోయేవాళ్లకు అమెరికా ఇమిగ్రేషన్ అబుదాబిలోనే అయిపోతుంది, కాబట్టి అక్కడ ఎక్కువ టైము పెట్టుకోండి. తిండి సామాను ఉందా అంటే ఉందని చెప్పండి. మాంసం పచ్చళ్లు అసలు పెట్టొద్దు.

బెల్టు దగ్గర మీ పెట్టె రాకపోతే ఆ హాలు దాటకముందే బ్యాగేజ్ డెస్కులో రసీదు స్టిక్కరు చూపించి ఫిర్యాదు రాయించి, దాని నంబరు తీసుకోండి. ఇంటికి పోయాక ఫోన్ చేద్దాం అనుకుంటే పని చాలా పెరుగుతుంది.

తిరిగొచ్చేటప్పుడు ఢిల్లీ, ముంబయి మీదుగా వస్తే సాధారణంగా ఇమిగ్రేషన్, కస్టమ్స్ అక్కడే. పెట్టె తీసుకొని హైదరాబాద్ విమానానికి మళ్లీ ఇవ్వాలి. శంషాబాద్‌లో దిగాక బయట ఆర్టీసీ పుష్పక్ బస్సులు ఉంటాయి. మహబూబ్‌నగర్ వైపు పోయేవాళ్లు ఆరాంఘర్‌లో, నల్లగొండ వైపు పోయేవాళ్లు ఎల్.బి. నగర్‌లో దిగితే ఊరి బస్సు దొరుకుతుంది.