నలుగురు ఉండే ఫ్లాట్‌లో బిల్లులు పంచుకోవడం, వసూలు చేయడం: బెంగళూరు లెక్కలు

కలిసి ఉండే ఇళ్లలో డబ్బు గొడవలు చాలావరకు ఒకే పద్ధతి వల్ల వస్తాయి. ఒకరు ముందు తన జేబులోంచి కట్టేస్తారు, మిగతా ముగ్గురి దగ్గర తర్వాత అడిగి తీసుకోవాలి. అడగాలంటే మొహమాటం. అడిగితే "వచ్చే నెల కలిపి ఇచ్చేస్తాలే" అంటారు. అలా రెండు నెలలు గడిస్తే ఎవరు ఎంత బాకీ ఉన్నారో తలా ఒక లెక్క చెబుతారు. అందుకని పంచే పద్ధతి కంటే ముందు వసూలు తేదీ మార్చాలి. బిల్లు రాకముందే డబ్బు ఒకచోట చేరి ఉంటే ఇంట్లో అప్పిచ్చినవాళ్లూ ఉండరు, బాకీపడినవాళ్లూ ఉండరు.

మారతహళ్లి, బీటీఎం, కుందలహళ్లి వైపు మనవాళ్లు తీసుకునే 3 బీహెచ్‌కే ఫ్లాట్‌నే ఉదాహరణగా పెట్టుకుందాం. నలుగురు మనుషులు, అద్దె 36,000, అడ్వాన్సు 2 లక్షలు. అంకెలు మీ ఇంటివి వేసుకోండి, పద్ధతి అదే.

అద్దె: తలకింత అంటే కుదరదు

36,000ను నాలుగుతో భాగిస్తే 9,000. అటాచ్డ్ బాత్రూమ్ ఉన్న పెద్ద గదిలో ఇద్దరు సర్దుకుంటుంటే, ఒక్కరే గది మొత్తం వాడుకునేవారూ అంతే ఇవ్వడం న్యాయం కాదు. సులువైన దారి ఇది: అద్దెలో సగం హాలు, వంటిల్లు, బాల్కనీకి అనుకోండి, అది తలకింత. మిగతా సగం గదులకు, అది చదరపు అడుగుల ప్రకారం.

టేపు పెట్టి కొలవండి. పెద్ద గది బాత్రూమ్‌తో కలిపి 180 చదరపు అడుగులు, రెండోది 150, మూడోది 120, మొత్తం 450 అనుకుందాం. 18,000ను 450తో భాగిస్తే అడుగుకు 40 రూపాయలు. అంటే పెద్ద గదికి 7,200, రెండోదానికి 6,000, మూడోదానికి 4,800. ఉమ్మడి సగంలో తలా 4,500 వస్తుంది. పెద్ద గదిలో ఇద్దరూ చెరో 8,100, రెండో గదివారు 10,500, మూడో గదివారు 9,300. కూడితే సరిగ్గా 36,000.

రోడ్డు చప్పుడు, కిటికీ లేకపోవడం, పక్కనే లిఫ్టు, ఇలాంటివి కొలతకు అందవు. వాటికి 300, 500 అటూ ఇటూ చేసుకోవచ్చు, కాకపోతే ఇంట్లో దిగకముందే తేల్చుకోవాలి. మంచాలు వేసుకున్నాక ఎవరూ గది మారరు, ధర మార్చడానికి అసలే ఒప్పుకోరు.

ఓనర్ ఒప్పుకుంటే ఎవరి అద్దె వాటా వారు తమ ఖాతా నుంచే నేరుగా ఆయనకు పంపడం మంచిది. పాత పన్ను విధానంలో హెచ్ఆర్ఏ (జీతంలో వచ్చే ఇంటి అద్దె భత్యం) మినహాయింపు అడిగేవారికి ఇది చాలా అవసరం. అగ్రిమెంటులో పేరు, తమ వాటాకు రసీదు, ఖాతాలో కనబడే చెల్లింపు, ఈ మూడూ ఒకే మాట చెప్పాలి. ఏడాదికి కట్టే అద్దె లక్ష దాటితే ఓనర్ పాన్ కూడా ఇవ్వాలి. పైన లెక్కలో నలుగురిలో ఇద్దరు ఆ లక్ష దాటతారు: 10,500, 9,300 కట్టేవారు. 8,100 కట్టేవారు ఏడాదికి 97,200 దగ్గర ఆగిపోతారు. నలుగురి నుంచి నాలుగు చెల్లింపులు తన వల్ల కాదని ఓనర్ అంటే ఒక్కరే పంపండి, రసీదులు మాత్రం ఎవరి వాటాకు వారి పేరు మీద రాయించుకోండి.

కరెంటు: ఏసీ, గీజరు, 200 యూనిట్ల గీత

బెంగళూరులో కరెంటు సంస్థ బెస్కాం బిల్లు ప్రతి నెలా వస్తుంది. కర్ణాటక ప్రభుత్వ ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి 2023 జులై వాడకం నుంచి అమల్లోకి వచ్చింది, అద్దెకున్నవారికీ వర్తిస్తుంది. ఆ ఇంటి పాత సగటు వాడకానికి కాస్త కలిపి, నెలకు ఇన్ని యూనిట్లు ఉచితం అని హద్దు పెడతారు. ఆ హద్దు దాటి 200 లోపు ఉంటే, ఎక్కువ కాల్చిన యూనిట్లకే కట్టాలి. 200 దాటితే మొత్తం బిల్లు మీదే. ఇంట్లో గొడవలన్నీ ఈ చివరి వాక్యం చుట్టూనే తిరుగుతాయి.

ఉదాహరణకు మీ ఇంటి హద్దు 140 యూనిట్లు. ఏప్రిల్‌లో 230 కాలింది, బిల్లు 1,950 వచ్చింది. ఒక గదిలో ఏసీ ఉంది, దాని వాడకం 80 యూనిట్లు. సగటు ధర ప్రకారం వేస్తే 1,950ని 230తో భాగించి 80తో గుణించాలి, ఏసీ గదికి సుమారు 680 పడుతుంది. మిగతా 1,270 నలుగురికీ. కానీ ఆ ఏసీ లేకపోతే వాడకం 150 దగ్గరే ఆగేది, హద్దు దాటిన 10 యూనిట్లకు అందరూ కలిసి మొత్తం ఓ 70 రూపాయలు కట్టేవారు. అంటే ఏసీ వల్ల అదనంగా పడింది 680 కాదు, దాదాపు 1,880.

రెండిట్లో ఏది సరైనది? ఏసీ లేకుండా ఇల్లు 200 లోపే ఉండే నెలల్లో, తేడా మొత్తం ఏసీ గదే కట్టడం న్యాయం. ఏసీ తీసేసినా 200 దాటే నెలల్లో సగటు ధర న్యాయం, ఎందుకంటే అప్పుడు గీత దాటించింది అందరూ. ఈ రెండు వాక్యాలూ వేసవి రాకముందే గ్రూపులో రాసి అందరి చేతా సరే అనిపించుకోండి. మే నెల బిల్లు చేతికొచ్చాక ఈ మాట ఎత్తితే, చెప్పింది ఎంత న్యాయమైనా ఏసీ ఉన్నవారికి తమ ఒక్కరి మీదే వేస్తున్నట్టు ఉంటుంది.

ఇదంతా చేయాలంటే ఏసీ ఎంత కాల్చిందో తెలియాలి. ఎలక్ట్రీషియన్‌తో ఏసీ లైనుకు చిన్న సబ్‌మీటర్ పెట్టించండి. ఓనర్ వైరింగు ముట్టుకోవద్దంటే, కరెంటు కొలిచే 16 ఆంపియర్ల స్మార్ట్ ప్లగ్ చాలు. 6 ఆంపియర్ల ప్లగ్ కొనకండి, ఏసీకి అది ఆగదు, వేడెక్కి కరుగుతుంది. అదీ వద్దనుకుంటే, ఒకటిన్నర టన్ను ఇన్వర్టర్ ఏసీ రాత్రి 8 గంటలు నడిస్తే 5 నుంచి 8 యూనిట్లు అని అంచనా వేసి, రాత్రికి 6 చొప్పున ఒప్పుకోండి. మీటరంత కచ్చితం కాదు గానీ వాదన ఆగుతుంది.

నింద ఎప్పుడూ ఏసీ మీదకే పోతుంది. గీజరు సంగతీ చూడండి. 15 లీటర్ల నీళ్లు 22 డిగ్రీల నుంచి 62 డిగ్రీలకు వేడెక్కాలంటే 0.7 యూనిట్ కావాలి. నలుగురూ రోజూ ఒక్కో ట్యాంకు వాడితే రోజుకు 2.8, నెలకు 84 యూనిట్లు. బెంగళూరులో చలికాలం పొద్దున చన్నీళ్లు పోసుకునేవాళ్లు తక్కువ కాబట్టి, హద్దులో సగానికి పైగా దానికే పోతుంది. గీజరు అందరిదీ అయితే ఖర్చూ అందరిదే. అటాచ్డ్ బాత్రూమ్‌లో విడిగా గీజరు ఉండి, దాన్ని రోజంతా ఆన్‌లోనే వదిలేసే అలవాటుంటే ఆ గదికి వేరే లెక్క వేయాలి.

పథకం ఎవరి ఆధార్ మీద నమోదైందో కూడా రాసి పెట్టుకోండి. ఆ మనిషి ఇల్లు మారేటప్పుడు తన ఆధార్‌ను ఈ కనెక్షన్ నుంచి తప్పించుకోవాలి, లేకపోతే కొత్త ఇంట్లో నమోదు కుదరదు. తప్పించుకున్న రోజే ఇంకొకరు ఇక్కడ నమోదు చేసుకోవాలి. ఇది మర్చిపోయిన ఇళ్లకు ఉన్నట్టుండి పూర్తి బిల్లు వచ్చి పడుతుంది, ఎందుకొచ్చిందో ఎవరికీ అర్థం కాదు.

వంటిల్లు, వైఫై, నీళ్లు

వైఫై, మెయింటెనెన్స్, పనిమనిషి జీతం: తలకింత. ఊరెళ్లినా తగ్గదు. సంక్రాంతికి పది రోజులు ఇంట్లో లేనని వైఫైలో మినహాయింపు అడిగితే ఒప్పుకోకండి. మీరు లేనంత మాత్రాన ఆ బిల్లు తగ్గదు.

వంట మాత్రం తినేవాళ్ల లెక్క. 14.2 కిలోల సిలిండరు, వంటమనిషి జీతం, బియ్యం, పప్పులు, కూరలు, అన్నీ ఒక పద్దు కింద వేసి తినేవారి మధ్యే పంచాలి. ఆఫీసులో తిని వచ్చేవారు ఒకరుంటే తలకింత పంచడం వారికి నష్టం. ఫ్రిజ్ తలుపు మీద నెల క్యాలెండరు అతికించి, ఎవరు ఏ పూట తింటే ఆ గడిలో పేరు మొదటి అక్షరం రాయండి. నెలాఖరున పూటలు కూడండి. వంట పద్దు 14,000, మొత్తం 140 పూటలు అయితే పూట వంద రూపాయలు. 50 పూటలు తిన్నవారు 5,000, 20 తిన్నవారు 2,000. రాయడం మూడో వారానికి బద్ధకమవుతుంది, అది అన్ని ఇళ్లలోనూ ఉన్నదే. అలాంటప్పుడు రాయని రోజును తిన్నట్టే లెక్కించాలి. ఈ ఒక్క నియమం ఉంటే అందరూ బుద్ధిగా రాస్తారు.

బియ్యం బస్తా కొనేటప్పుడు బరువు చూసి రాయండి. 2022 జులైలో 25 కిలోల వరకు ఉన్న ప్యాకింగు మీద జీఎస్టీ పడ్డాక 26 కిలోల బస్తాలు వచ్చాయి, 25 అనుకుని భాగిస్తే కిలో ధర తప్పు పడుతుంది. ఇంటి నుంచి వచ్చే ఆవకాయ, నెయ్యి, కందిపొడి లెక్కలోకి తేకండి. అమ్మ పంపిన సీసాకు ధర కట్టే ఇంట్లో ఎవరూ సుఖంగా తినలేరు.

ఉద్యోగం వెతుక్కోవడానికి ఊరి నుంచి తమ్ముడో స్నేహితుడో వచ్చి దిగడం మన ఫ్లాట్లలో మామూలే. మూడు రాత్రుల వరకు అతిథి. నాలుగో రోజు నుంచి తిండిలో అతని పూటలు పిలిచినవారి పేరు మీద పడతాయి. పదిహేను రోజులు దాటితే కరెంటు, నీళ్లలోనూ ఒక తల పెరిగినట్టే. ట్యాంకరు నీళ్లతో నడిచే అపార్ట్‌మెంట్లలో వేసవిలో ఈ ఒక్క తలే మెయింటెనెన్స్ పైన అదనపు బిల్లు తెస్తుంది.

వసూలు

అద్దె, వంట పద్దు కాక మిగతా ఉమ్మడి ఖర్చు నెలకు సుమారు ఎంతో గత మూడు నెలల బిల్లులు చూసి తేల్చండి. తలకు 4,300 వస్తే 4,500 అని గుండ్రంగా పెట్టండి. ఇంట్లో దిగిన రోజే ప్రతి ఒక్కరూ ఇంకో 2,000 నిల్వ వేయాలి. హఠాత్తుగా మోటారు కాలినా, సిలిండరు అయిపోయినా ఎవరి జేబూ తడమక్కర్లేదు.

డబ్బు చేరే ఖాతా వేరుగా ఉండాలి. ఒకరు కనీస నిల్వ అక్కర్లేని సేవింగ్స్ ఖాతా ఇంటి కోసమే తెరిచి, దానికో యూపీఐ ఐడీ పెట్టుకుంటే సరి. జీతం పడే ఖాతాలోనే ఇంటి డబ్బు కలిస్తే నెల మధ్యలో ఏది ఎవరిదో తేలదు. ఖాతా చూసే బాధ్యత ఆరు నెలలకొకసారి చేతులు మారాలి. స్టేట్‌మెంటు ప్రతి నెలా గ్రూపులో పెట్టాలి, ఎవరూ అడగకముందే.

జీతాలు నెలాఖరునో ఒకటినో పడతాయి కాబట్టి గడువు 2వ తేదీ. ఓనర్‌కు 5లోపు అద్దె, ఆ తర్వాత బిల్లులు. ఇద్దరి మధ్య యూపీఐలో డబ్బు అడిగే కలెక్ట్ రిక్వెస్టులు 2025 అక్టోబరు 1 నుంచి లేవు, కాబట్టి మొత్తం ముందే నింపిన క్యూఆర్ కోడ్‌ను గ్రూపులో పెట్టండి. వాటా ఎంతని మళ్లీ అడిగే పని ఉండదు. కింద సందేశం ఇలా చాలు:

"జూన్ వాటా 4,500. గడువు 2వ తేదీ రాత్రి. మే నెల ఖర్చు 17,240, వసూలు 18,000, మిగులు 760 నిల్వలో కలిసింది. బిల్లుల ఫొటోలు పైన ఉన్నాయి. పంపాక ఇక్కడ 'పంపాను' అని రాయండి."

పేరు పెట్టి అడగొద్దు, గ్రూపులో అసలే వద్దు. 3వ తేదీ పొద్దున ఇవ్వనివారికి విడిగా ఒక ఫోను చేయండి. రెండో నెల కూడా ఆలస్యమైతే ఆ మనిషి చేతిలో డబ్బే లేదేమో కనుక్కోండి. ఉద్యోగం పోయిన సంగతి దాచుకుని రోజులు నెట్టేవారుంటారు. అప్పుడు వారి 2,000 నిల్వలోంచి సర్దుబాటు చేసి, తిరిగి ఎప్పుడు ఇస్తారో తేదీ రాయించుకోండి.

స్ప్లిట్‌వైజ్ లాంటి యాప్‌లు రాసుకోవడానికి బాగుంటాయి, వసూలు మాత్రం చేయవు. కూరగాయలు, వాటర్ క్యాన్ లాంటి చిల్లర అందులో రాసి, మూడు నెలలకొకసారి సున్నా చేసేయండి. అంతకంటే ఆగితే బాకీ పెద్దదై, ఇవ్వాల్సినవారు ఒక్కో పద్దునూ ప్రశ్నించడం మొదలుపెడతారు.

మధ్యలో ఒకరు వెళ్లిపోతే

వెళ్లే రోజు మీటరు ఫొటో తీయండి. డిజిటల్ మీటరు తెర మీద అంకెలు ఒకదాని వెంట ఒకటి మారుతుంటాయి: తేదీ, వోల్టేజి, లోడు. కిలోవాట్ అవర్ గుర్తు పక్కన నిలిచే అంకె వచ్చేదాకా ఆగి, అప్పుడు తీయాలి. తొందరపడి వోల్టేజి ఫొటో తీసుకుని ఆనక తల పట్టుకునేవాళ్లు చాలామంది.

అడ్వాన్సు ఓనర్ దగ్గర నుంచి తీసి ఇవ్వక్కర్లేదు. వచ్చే మనిషి వెళ్లే మనిషికి ఇస్తారు. వాటా 50,000. అయితే ఇక్కడ ఖాళీ చేసేటప్పుడు చాలామంది ఓనర్లు పెయింటింగ్ కింద ఒక నెల అద్దె పట్టుకుంటారు, అగ్రిమెంటులో ఆ షరతు ఉందో లేదో చదవండి. 36,000 పడితే తలకు 9,000. ఇంట్లో రెండేళ్లు ఉంటారనుకుంటే నెలకు 375. ఎనిమిది నెలలు ఉండి వెళ్లేవారు 3,000 వదులుకుని 47,000 తీసుకోవాలి. లేకపోతే కొత్తగా వచ్చినవారు తాము వాడని గోడలకు కూడా సున్నం డబ్బులు కడతారు. వైఫై ఏడాది ప్లాను ముందే కట్టి ఉంటే మిగిలిన నెలల వాటా, నిల్వలో వేసిన 2,000 కూడా కొత్తవారే ఇవ్వాలి, ఉమ్మడి ఖాతాను కదపొద్దు.

డబ్బు చేతులు మారాక ఓనర్‌కు ఒక సందేశం పెట్టండి: ఫలానా తేదీ నుంచి ఫలానావారి అడ్వాన్సు వాటా ఫలానావారి పేరుకు మారింది అని. ఆయన "సరే" అన్న జవాబును దాచుకోండి, అగ్రిమెంటు మళ్లీ రాసేటప్పుడు కొత్త పేరు వేయించండి. కొత్తవారు ఇంకా దొరక్కపోతే, వెళ్లేవారు ఒక నెల నోటీసు కాలానికి అద్దె, ఉమ్మడి వాటా కట్టాలి, తిండి పద్దు మాత్రం వెళ్లిన రోజుతో ఆగుతుంది.