పాత స్పోర్ట్స్ కారులో ఆయిల్ లీక్‌ను పట్టుకుని, ఇంజిన్‌కు మంటలు అంటుకోకుండా చూసుకోవడం ఎలా?

పాత స్పోర్ట్స్ కార్లు నడిపేవాళ్ల మధ్య "ఆయిల్ కారడం దీనికి మామూలే" అన్న మాట తరచూ వినిపిస్తుంది. అందులో కొంత నిజం ఉంది. ఏళ్ల తరబడి వేడి తిన్న రబ్బరు సీళ్లు గట్టిపడి బీటలు వారతాయి, ప్యాకింగులు కుంచించుకుపోతాయి. కానీ ఆ మాటకు అలవాటుపడి లీక్‌ను చూసీ చూడనట్టు వదిలేస్తే కారు కాలిపోయే దాకా రావచ్చు.

లీక్ ఎంత పెద్దదన్నది తర్వాతి సంగతి. కారిన చుక్క ఎక్కడ పడుతోందో ముందు చూడాలి. ఆయిల్ చాంబర్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) అడుగు నుంచి రాత్రంతా కారి నేల మీద పళ్లెమంత మరక చేసే లీక్ చూడటానికి భయంకరంగా ఉంటుంది, కానీ ఆ ఆయిల్ పడేది చల్లని నేల మీద. ట్యాపెట్ కవర్ (ఇంజిన్ పైభాగాన్ని మూసే మూత) అంచు నుంచి గంటకో చుక్క జారి ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజిన్ నుంచి వేడి పొగను బయటికి తెచ్చే గొట్టం) మీద పడే లీక్ నేల మీద మరక కూడా చేయదు. అసలు ప్రమాదం ఈ రెండోదే.

ఇంజిన్ ఆయిల్ సుమారు 200 డిగ్రీల సెల్సియస్ దాటాక, మంట తగిలితే అంటుకునేంత ఆవిరి వదులుతుంది. ఇంకా బాగా వేడెక్కితే నిప్పురవ్వ లేకుండానే రగులుకుంటుంది. గట్టిగా నడిపిన కారులో మానిఫోల్డ్ వేడి 500 డిగ్రీలు దాటడం పెద్ద విషయం కాదు, టర్బో (పొగ వేగంతో తిరుగుతూ ఇంజిన్‌లోకి ఎక్కువ గాలి తోసే భాగం) అయితే ఎర్రగా కాలి కనిపిస్తుంది కూడా. గాలి బాగా ఆడుతున్నప్పుడు పడిన చుక్క చాలాసార్లు పొగై పోతుంది. స్పోర్ట్స్ కారులో ఆ గాలే తక్కువ. ఇరుకు చోట పెద్ద ఇంజిన్ ఉంటుంది. ఇంజిన్ సీట్ల వెనక ఉండే కార్లలోనైతే పొగ మొదలైనా నడిపేవాళ్ల కంట పడదు.

కారు ఆపిన వెంటనే వచ్చే పది నిమిషాలు మరీ జాగ్రత్తగా ఉండాల్సిన సమయం. ఎదురుగాలి ఆగిపోతుంది, మానిఫోల్డ్ వేడి పక్క భాగాలకు పాకుతుంది. కమురు వాసన, సన్నటి పొగ చాలామందికి కారు ఆపాకే తెలియడానికి కారణం ఇదే. గట్టిగా నడిపి వచ్చాక వెంటనే తాళం వేసి వెళ్లిపోకండి. కాసేపు దగ్గరే ఉండి వాసన చూడండి. ఎండుగడ్డి మీద అసలు ఆపకండి.

1. కారుతున్నది ఏమిటో తేల్చుకోండి

ఇంజిన్ కింద తెల్లటి అట్ట పరిచి రాత్రంతా వదిలేయండి. గోధుమ రంగులోనో నల్లగానో జిడ్డుగా ఉంటే ఇంజిన్ ఆయిల్. ఎర్రగా ఉంటే ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌దో పవర్ స్టీరింగ్‌దో కావచ్చు. గంధకం లాంటి ఘాటు వాసన గేర్ ఆయిల్‌ది. పచ్చగానో నారింజ రంగులోనో ఉండి కొంచెం తియ్యటి వాసన వస్తే కూలెంట్. లేత పసుపు రంగులో, పట్టుకుంటే జారిపోతూ పెయింటును పాడు చేసేది బ్రేక్ ఆయిల్. ఇవన్నీ మండే ద్రవాలే. కూలెంట్‌లో నీరు ఉంది కదా అనుకోవద్దు, వేడి మీద నీరు ఆవిరైపోయాక మిగిలిన గ్లైకాల్ మండుతుంది.

పెట్రోలు వాసన వస్తే మాత్రం మిగతా పరీక్షలన్నీ పక్కన పెట్టండి. సెల్ఫ్ కొట్టకండి, దగ్గర్లో ఏ లైటు స్విచ్చూ వేయకండి, తలుపులు తెరిచి గాలి ఆడనివ్వండి. పెట్రోలు సున్నా కంటే 40 డిగ్రీలు తక్కువ చలిలో కూడా మండే ఆవిరి వదులుతుంది. ఆయిల్ లీక్‌తో మెల్లగా ఇంటికి చేరుకోవచ్చేమో గానీ, పెట్రోలు లీక్‌తో కారును ఒక్క అడుగు కూడా నడపకూడదు.

2. లీక్ మొదలైన చోటు వెతకండి

కారిన ఆయిల్ కిందికి జారుతుంది, నడుస్తున్నప్పుడు గాలికి వెనక్కి పాకుతుంది. దాంతో తడిసిన చోటల్లా లీక్‌లా కనిపిస్తుంది. ఇంజిన్ అడుగంతా జిడ్డుగా ఉందని వెనక మెయిన్ సీల్ (ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసే చోట ఉండే సీల్) మార్చి, డబ్బు ఖర్చు చేసి, చివరికి పైనున్న ట్యాపెట్ కవర్ ప్యాకింగే కారణమని తేలిన సందర్భాలు చాలా ఉంటాయి.

ముందు ఇంజిన్ కడగాలి. ఇంజిన్ చల్లారాక ఆల్టర్నేటర్, డిస్ట్రిబ్యూటర్, గాలి పీల్చే పైపు నోరు ప్లాస్టిక్ కవర్లతో కప్పి, నీటితో కడిగేసే డీగ్రీజర్ (జిడ్డు వదిలించే ద్రావణం) వాడండి. పెట్రోలుతోనో థిన్నర్‌తోనో తుడవడం కొందరికి అలవాటు. దయచేసి ఆ పని చేయకండి. బాగా ఆరాక ఓ పావుగంట నడిపి, టార్చిలైటుతో పై నుంచి కిందికి చూస్తూ రండి. తడిగా ఉన్నవాటిలో అన్నిటికంటే పైన, అన్నిటికంటే ముందున్న చోటే సాధారణంగా మొదలు.

అలా దొరకకపోతే ఆయిల్‌లో కలిపే ఫ్లోరోసెంట్ రంగు ఉంటుంది. అది పోసి కొన్నాళ్లు నడిపాక చీకట్లో అల్ట్రావయొలెట్ లైటు వేస్తే లీక్ దారి మెరుస్తూ కనిపిస్తుంది. అనుమానమున్న అతుకు మీద తెల్లటి టాల్కం పౌడర్ చల్లినా తడి ఎక్కడ మొదలవుతుందో తెలుస్తుంది.

3. ప్యాకింగ్ మార్చే ముందు బ్రీదర్ చూడండి

దీన్ని చాలామంది వదిలేస్తారు. పిస్టన్ రింగుల పక్క నుంచి కొంత వాయువు చాంబర్‌లోకి దిగుతూనే ఉంటుంది. దాన్ని బయటికి లాగి మళ్లీ ఇంజిన్‌కే పంపడానికి బ్రీదర్ పైపు, వాల్వు ఉంటాయి. మడ్డి పేరుకుని అవి మూసుకుపోతే లోపలి ఒత్తిడి పెరిగి, బలహీనంగా ఉన్న సీల్ దగ్గర ఆయిల్‌ను బయటికి తోస్తుంది. ఆ స్థితిలో కొత్త సీల్ వేసినా కొద్ది రోజులే. వాల్వు ధర తక్కువ, మార్చడం సులువు. నా సలహా ఏమిటంటే, ముందు ఇదే మార్చి తర్వాత మిగతావి చూడండి.

4. మంటకు దగ్గరగా ఉన్న లీక్‌ల నుంచి మొదలుపెట్టి సరిచేయండి

ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ మొదటిది. చాలా ఇంజిన్లలో ఇది సరిగ్గా ఎగ్జాస్ట్ పైన ఉంటుంది. పాత ప్యాకింగ్ ముక్కలను ప్లాస్టిక్ గీకుడు పలకతో తీయండి, అల్యూమినియం మీద గరుకు డిస్క్ తిప్పితే గీతలు పడి మళ్లీ లీకవుతుంది. బోల్టులు మధ్య నుంచి మొదలుపెట్టి అటొకటి ఇటొకటి చొప్పున టార్క్ రెంచ్‌తో (బిగింపు బలాన్ని కొలిచే పానాతో) బిగించండి. బిగించాల్సిన బలం చాలా ఇంజిన్లలో 10 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కలే ఉంటుంది, కచ్చితమైన అంకె మీ కారు సర్వీస్ మాన్యువల్‌లో చూడండి. లీక్ ఆగలేదని ఇంకా బిగిస్తే కవర్ వంగుతుంది. సీలెంట్ కూడా మాన్యువల్ చెప్పిన మూలల్లోనే, పల్చగా పూయాలి. లోపలికి ఉబ్బిన సీలెంట్ తెగిపడి ఆయిల్ పీల్చే జాలీకి అడ్డం పడితే ఇంజినే పోతుంది.

తర్వాత ఒత్తిడితో ఆయిల్ ప్రవహించే చోట్లు: టర్బోకు వెళ్లే పైపులు, ఆయిల్ కూలర్ హోస్‌లు, ప్రెజర్ సెన్సర్, ఫిల్టర్. ఇక్కడ చిన్న పగులు వచ్చినా ఆయిల్ చుక్కలుగా కారదు, తుంపరగా చిమ్ముతుంది. తుంపర త్వరగా అంటుకుంటుంది. హోస్ రబ్బరును వంచి చూసినప్పుడు సన్నటి బీటలు కనిపించినా, బిగింపు దగ్గర చెమర్చినా మార్చేయండి. ఫిల్టర్ మార్చేటప్పుడు పాత రబ్బరు రింగు ఇంజిన్‌కే అతుక్కుపోయి ఉందేమో తడిమి చూడండి. రింగు మీద రింగు పడితే స్టార్ట్ చేసిన కాసేపటికే ఆయిల్ అంతా బయటికి చిమ్ముతుంది.

డ్రెయిన్ బోల్టు వాషర్, చాంబర్ ప్యాకింగ్, వెనక మెయిన్ సీల్ ఆ తర్వాత. మెయిన్ సీల్ కోసం గేర్‌బాక్స్ దించాలి కాబట్టి క్లచ్ మార్చే రోజు దాకా ఆగవచ్చు, కారిన ఆయిల్ క్లచ్ ప్లేటును తడపనంతవరకు.

లీక్ ఆపుతాయని అమ్మే ద్రావణాలు గట్టిపడిన రబ్బరును కాస్త ఉబ్బిస్తాయి. చెమర్చే సీల్‌కు కొన్నాళ్లు పనికొస్తాయి. చిరిగిన ప్యాకింగ్‌కు, పగిలిన హోస్‌కు వాటితో ఏ ప్రయోజనమూ లేదు.

5. తడిసిన మెత్తలు తీసేయండి

లీక్ ఆపేసి, ఇంతకాలం పీల్చిన ఆయిల్‌ను అక్కడే వదిలేస్తే సగం పనే చేసినట్టు. బానెట్ కింది శబ్దం ఆపే మెత్త, ఎగ్జాస్ట్‌కు చుట్టిన వేడి పట్టీ, ఇంజిన్ అడుగున బిగించే ప్లాస్టిక్ పళ్లెం, వీటిలో ఆయిల్ నిలిచిపోతుంది. ఆయిల్ పీల్చిన పట్టీ దీపం వత్తిలా పనిచేస్తుంది: పలుచగా పరుచుకున్న ఆయిల్ త్వరగా ఆవిరై, వేడి బయటికి పోక, త్వరగా అంటుకుంటుంది. కడిగితే అది పోదు, కొత్తది వేయాలి. రిపేరు అయ్యాక లోపల గుడ్డలేవీ మర్చిపోలేదని చూసుకున్నాకే బానెట్ మూయండి.

6. పెట్రోలు పైపులు, వైర్లు

ఆయిల్ లీక్ కోసం బానెట్ ఎత్తినప్పుడే ఇవీ చూడాలి. పాత కార్ల రబ్బరు పైపులు ఇథనాల్ కలిసిన పెట్రోలును తట్టుకునేలా తయారైనవి కావు. పైకి బాగున్నట్టే ఉండి లోపల మెత్తబడతాయి, లేదా ఎండి పగులుతాయి. వయసు తెలియని పైపును మార్చడమే మేలు. ఇంజెక్షన్ ఉన్న కారుకు ఎక్కువ ఒత్తిడి తట్టుకునే, ఎస్‌ఏఈ జే30ఆర్9 అని ముద్రించిన పైపు వాడండి, కార్బొరేటర్ కార్ల పైపు సరిపోదు. ఎక్కడైనా లోహానికి రాసుకుంటూ తోలు ఊడిన వైరు, ఫ్యూజ్ లేకుండా బ్యాటరీ నుంచి నేరుగా లాగిన వైరు కనిపిస్తే వెంటనే సరిచేయండి. ఆవిరి ఉన్న చోట ఒక్క నిప్పురవ్వ చాలు.

7. డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూపే కడ్డీ) చూడటం అలవాటు చేసుకోండి

లీక్ వల్ల వచ్చే రెండో ముప్పు ఆయిల్ తగ్గిపోవడం. దీనికి 1984 మోడల్ పాంటియాక్ ఫియెరో మంచి ఉదాహరణ. సీట్ల వెనక ఇంజిన్ పెట్టిన రెండు సీట్ల కారు అది. ఆయిల్ మట్టం పడిపోయినప్పుడు కనెక్టింగ్ రాడ్ (పిస్టన్ కదలికను ఇంజిన్ ఇరుసుకు అందించే కడ్డీ) విరిగి ఇంజిన్ బ్లాకుకు చిల్లు పెట్టడం, ఆ చిల్లులోంచి ఆయిల్ వేడి ఎగ్జాస్ట్ మీదికి చిమ్మి అంటుకోవడం వరసగా జరిగాయి. జనరల్ మోటార్స్ ఆ కార్లను రీకాల్ చేయాల్సి వచ్చింది. కొత్త కార్లకూ ఈ ముప్పు తప్పలేదు. 2014లో పోర్షే 911 జీటీ3 కార్లు రెండు కాలిపోయాక, కనెక్టింగ్ రాడ్ బోల్టులు వదులవుతున్నాయని తేలి 785 కార్లకు ఇంజిన్లు మార్చారు.

లీక్ ఉన్న కారులో పెట్రోలు పోయించిన ప్రతిసారీ డిప్‌స్టిక్ చూడండి. ఆయిల్ ప్రెజర్ లైటు వెలిగినా, లోపల టకటక శబ్దం మొదలైనా అక్కడే ఇంజిన్ ఆపేయండి. ఇంకొంచెం దూరమే కదా అని నడిపితే ఫియెరోకు జరిగిందే జరుగుతుంది.

8. మంటలార్పే సిలిండర్ చేతికందేలా పెట్టుకోండి

ద్రవాల మంటలకు పనికొచ్చే బీ తరగతి సిలిండర్ కావాలి. డ్రై పౌడర్ రకం బాగా ఆర్పుతుంది కానీ ఆ పొడి అల్యూమినియాన్ని, వైర్లను తినేస్తుంది. క్లీన్ ఏజెంట్ (వాయువుతో ఆర్పే) రకం ఏమీ మిగల్చదు, ధర ఎక్కువ, గాలికి చెదిరిపోతుంది. ఒక్కటే కొంటానంటే నేను పౌడర్‌నే కొనమంటాను, కారు మిగిలితే శుభ్రం చేసుకోవచ్చు. చిన్న సిలిండర్ పది సెకన్ల అటూ ఇటూ ఖాళీ అవుతుంది కాబట్టి కనీసం రెండు కిలోలది తీసుకోండి. లోహపు బ్రాకెట్‌తో సీటు ముందు బిగించండి. డిక్కీలో ఉన్నది అవసరానికి అందదు, ఇంజిన్ వెనక ఉన్న కార్లలో అయితే మంట పక్కనే ఉంటుంది.

మంట అంటుకుంటే

రోడ్డు పక్కకు తీసి ఇంజిన్ ఆపండి, తాళం తిప్పేయండి. దాంతో పెట్రోలు పంపు కూడా ఆగుతుంది. సామాన్ల కోసం చూడకుండా అందరినీ దించి కనీసం 30 మీటర్ల దూరం, గాలి వచ్చే వైపుకు పంపండి. అగ్నిమాపక దళానికి ఫోన్ చేయండి.

బానెట్ పూర్తిగా ఎత్తకండి. ఎత్తగానే లోపలికి గాలి దూసుకెళ్లి మంట మొహం మీదికి లేస్తుంది. లోపలి మీట లాగితే ఏర్పడే సందులోంచి, లేదా చక్రం పక్క ఖాళీలోంచి, మంట మొదట్లోకి పౌడర్ కొట్టండి. మంట చిన్నగా ఉండి, వెనక్కి వెళ్లే దారి తెరిచి ఉంటేనే ఈ ప్రయత్నం చేయాలి. సిలిండర్ అయిపోయినా మంట ఆగకపోతే, లేదా పెట్రోలు కారుతున్నట్టు కనిపిస్తే, వదిలేసి దూరంగా రండి. ఎంత ఇష్టపడి కొనుక్కున్న కారైనా మనిషి ప్రాణానికి సాటి రాదు.

నీళ్లు పోయకండి. ఆయిల్ నీటి మీద తేలి మంట పరుచుకుంటుంది. కొన్ని పాత కార్లలో మెగ్నీషియం భాగాలు ఉంటాయి, 1968 నుంచి 1977 దాకా వచ్చిన చాలా పోర్షే 911ల క్రాంక్‌కేస్ (ఇంజిన్ ఇరుసు తిరిగే పెట్టె) ఆ లోహమే. మండుతున్న మెగ్నీషియం మీద నీరు పడితే మంట మరింత ఉధృతమవుతుంది. అగ్నిమాపక సిబ్బంది రాగానే ఈ విషయం చెప్పండి.

ఆరిపోయాక

వెంటనే బానెట్ ఎత్తకండి, మళ్లీ రగలవచ్చు. పూర్తిగా చల్లారాక బ్యాటరీ తీగ ఊడదీయండి. ఇంజిన్ తిరుగుతుందేమో చూద్దామని సెల్ఫ్ కొట్టడం ప్రమాదం. కరిగి జిగటగా, నల్లగా మారిన సీళ్లను వట్టి చేతులతో ముట్టుకోకండి. కొన్ని సీళ్ల ఫ్లోరిన్ రబ్బరు కాలితే చర్మాన్ని, ఎముకను తినేసే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం మిగులుతుంది. బీమా ఉంటే ఏదీ కదపకముందే ఫొటోలు తీయండి. పౌడర్‌ను ముందు పొడిగా వాక్యూమ్‌తో లాగి, తర్వాత కడగండి. ఆలస్యమైతే తేమ తగిలి లోహాన్ని తినడం మొదలుపెడుతుంది. మంట తాకిన ప్రతి రబ్బరు పైపు, ప్రతి వైరు, పైకి బాగానే ఉన్నా మార్చాక, మంట ఎక్కడ మొదలైందో కచ్చితంగా తెలిశాకే మళ్లీ స్టార్ట్ చేయండి.