సెంట్‌ఓఎస్ 6 నాటి సర్వీసు కొత్త డిస్ట్రోలో లేవడం లేదా? సమస్య - పరిష్కారం

సెంట్‌ఓఎస్ 6 అనే లినక్స్ డిస్ట్రో (లినక్స్‌లో ఒక రకం)కి మద్దతు 2020 నవంబరు 30తో ఆగిపోయింది. ఆనాటి ఇనిట్ స్క్రిప్టులతో (సర్వీసులను లేపే షెల్ స్క్రిప్టులు) నడిచే సర్వీసులను ఆల్మాలినక్స్ 9కో, డెబియన్ 12కో తెచ్చినప్పుడు తరచూ ఎదురయ్యే చిక్కు ఒకటే: ప్రోగ్రామ్‌ను చేత్తో నడిపితే నడుస్తుంది, సర్వీసుగా మాత్రం లేవదు. పాత స్క్రిప్టు షెల్‌లో నడిచేది. కొత్త డిస్ట్రోల్లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డి షెల్ లేకుండా ప్రోగ్రామ్‌ను నేరుగా లేపుతుంది. కింద చెప్పే ఇబ్బందుల్లో కొన్ని ఈ తేడా వల్ల వచ్చేవే. మిగతావి డిస్ట్రోల మధ్య ఫైళ్ల దారులు, యూజర్ల పేర్లు మారడం వల్ల వచ్చేవి.

యూనిట్ ఫైల్‌ను (సర్వీసును ఎలా నడపాలో సిస్టమ్‌డికి చెప్పే ఫైల్) దిద్దే ముందు 'సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్' ఇచ్చి, స్టేటస్ పక్కన ఉన్న నంబరు చూడండి. సగం సమాధానం అక్కడే ఉంటుంది.

203/ఎగ్జెక్ అని వస్తే

సిస్టమ్‌డి మీ ప్రోగ్రామ్‌ను అసలు మొదలుపెట్టలేకపోయింది. యూనిట్‌లో ఏ ప్రోగ్రామ్‌ను నడపాలో చెప్పే ఎగ్జెక్‌స్టార్ట్‌ లైన్లో దారి తప్పయినా, ఫైల్‌కు ఎగ్జిక్యూట్ పర్మిషన్ లేకపోయినా, స్క్రిప్టు మొదటి లైన్లో ఇంటర్‌ప్రెటర్ పేరు లేకపోయినా ఇదే నంబరు వస్తుంది. విండోస్‌లో ఎడిట్ చేసిన స్క్రిప్టయితే లైన్ల చివర మిగిలిన అదనపు అక్షరం వల్ల కూడా రావచ్చు.

ఇవన్నీ సరిగ్గా ఉండి, ఆల్మాలినక్స్‌లో 'పర్మిషన్ డినైడ్' అంటుంటే సెలినక్స్‌ను అనుమానించండి. ఫైళ్లకున్న లేబుళ్లను బట్టి ఏది నడవాలో తేల్చే కాపలా వ్యవస్థ అది. ఫైల్‌ను హోమ్ డైరెక్టరీలో పెట్టి, అక్కడి నుంచి 'ఎంవీ'తో తరలిస్తే పాత లేబుల్ కూడా దాంతోపాటే వస్తుంది. 'ఎల్ఎస్'కు పెద్ద జెడ్ ఆప్షన్ ఇస్తే యూజర్_హోమ్_టీ అని కనిపిస్తుంది. ఆ లేబుల్ ఉన్న ఫైల్‌ను సెలినక్స్ సర్వీసుగా నడపనివ్వదు. లేబుల్‌ను సరిచేసే 'రిస్టోర్‌కాన్' ఒక్కసారి నడిపితే చాలు. దీనికోసం సెలినక్స్‌నే శాశ్వతంగా ఆపేయమని సలహా ఇచ్చేవాళ్లుంటారు, దయచేసి వినకండి. ఒక్క ఫైల్ లేబుల్ కోసం మొత్తం సర్వర్ కాపలా తీసేయాల్సిన పని లేదు.

217/యూజర్, 216/గ్రూప్

యూనిట్‌లో రాసిన యూజర్ గానీ గ్రూప్ గానీ ఈ డిస్ట్రోలో లేదు. సెంట్‌ఓఎస్, ఆల్మాలినక్స్ ఉన్న రెడ్‌హ్యాట్ కుటుంబంలో వెబ్ సర్వర్ యూజర్ 'అపాచీ', డెబియన్‌లో 'డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా'. రెడ్‌హ్యాట్ వైపు 'నోబడీ' గ్రూప్ ఉంటే డెబియన్‌లో 'నోగ్రూప్'. మీ సర్వీసుకు సొంత సిస్టమ్ యూజర్‌ను పెట్టుకుంటే డిస్ట్రో మారినప్పుడల్లా ఈ తలనొప్పి ఉండదు.

90 సెకన్లు ఆగి టైమవుట్, లేదా లేచిన వెంటనే 'ఇనాక్టివ్'

పాత స్క్రిప్టులను మార్చేవాళ్లు ఎక్కువగా చిక్కుకునేది ఇక్కడే. ఆ రోజుల్లో ప్రోగ్రామ్ తనంతట తాను బ్యాక్‌గ్రౌండ్‌కు వెళ్లి, పీఐడీ ఫైల్ (తన ప్రాసెస్ నంబరు ఉండే ఫైల్) రాసేది. యూనిట్‌లో టైప్ 'ఫోర్కింగ్' అని పెట్టి, ప్రోగ్రామ్ మాత్రం ఫోర్‌గ్రౌండ్‌లోనే నిలబడి ఉంటే, అది ఎప్పుడు బ్యాక్‌గ్రౌండ్‌కు వెళ్తుందా అని సిస్టమ్‌డి ఎదురుచూసి, మామూలుగా 90 సెకన్లకు ఆపేస్తుంది. పీఐడీ ఫైల్ దారి తప్పయినా అదే జరుగుతుంది. టైప్ 'సింపుల్' అయి, ప్రోగ్రామ్ బ్యాక్‌గ్రౌండ్‌కు వెళ్తే కథ తిరగబడుతుంది: మొదటి ప్రాసెస్ ముగియగానే సర్వీసు అయిపోయిందనుకుని, మిగిలిన ప్రాసెస్‌లను కూడా చంపేస్తుంది. ఎర్రర్ ఏమీ కనిపించదు, అందుకే కారణం దొరకడం కష్టం.

నా మాట వింటే ప్రోగ్రామ్‌ను బ్యాక్‌గ్రౌండ్‌కు పంపే డీమన్ ఆప్షన్ తీసేయండి, ప్రోగ్రామ్‌ను ఫోర్‌గ్రౌండ్‌లో నడిపి టైప్ 'సింపుల్' ఉంచండి. పీఐడీ ఫైల్ అవసరమే పోతుంది. లాగ్‌ను కూడా ఫైల్‌కు మళ్లించక్కర్లేదు, ప్రోగ్రామ్ తెరపై రాసేదంతా సిస్టమ్‌డి లాగ్ అయిన జర్నల్‌లోకి వెళ్తుంది.

'స్టార్ట్ రిక్వెస్ట్ రిపీటెడ్ టూ క్విక్‌లీ'

ఇది కారణం కాదు. 10 సెకన్లలో 5 సార్లు లేపినా నిలబడలేదు కాబట్టి ఇక ప్రయత్నించనని సిస్టమ్‌డి చెబుతోంది, అంతే. జర్నల్‌లో దానికి పైన ఉన్న మొదటి ఎర్రర్ వెతికి, దాన్ని సరిచేశాక 'రీసెట్-ఫెయిల్డ్' ఇవ్వండి.

చేత్తో నడిపితే సరే, సర్వీసులో వేరియబుల్స్ ఖాళీ

సర్వీసు మీ లాగిన్ ప్రొఫైల్‌ను చదవదు. ఎన్విరాన్‌మెంట్‌ఫైల్‌గా (వేరియబుల్స్ ఉండే సెట్టింగుల ఫైల్) పాత షెల్ ఫైల్‌నే ఇస్తే, 'ఎక్స్‌పోర్ట్'తో మొదలయ్యే లైన్లను సిస్టమ్‌డి పక్కన పడేస్తుంది. ఆ పదం తీసేయండి. ఎగ్జెక్‌స్టార్ట్‌లో పైపులు, రీడైరెక్షన్లు కూడా పనిచేయవు. తప్పదంటే వాటిని చిన్న స్క్రిప్టులో పెట్టి దాన్ని పిలవండి. ఎన్విరాన్‌మెంట్‌ఫైల్‌గా ఇచ్చే సెట్టింగుల ఫైల్‌ను రెడ్‌హ్యాట్ వైపు /ఈటీసీ/సిస్‌కాన్ఫిగ్‌లో, డెబియన్‌లో /ఈటీసీ/డీఫాల్ట్‌లో పెట్టడం ఆనవాయితీ.

ఈరోజు నడిచింది, రీబూట్ తర్వాత లేవలేదు

ముందు సర్వీసును 'ఎనేబుల్' చేశారో (బూట్‌లో తనంతట లేచేలా పెట్టారో) లేదో చూడండి. యూనిట్‌లో ఇన్‌స్టాల్ భాగం లేకపోతే ఎనేబుల్ చేసినా ఫలితం ఉండదు. తర్వాత /వార్/రన్ సంగతి. అదిప్పుడు మెమరీలో ఉండే /రన్‌కు లింకు, కాబట్టి మీరు చేత్తో చేసిన డైరెక్టరీ రీబూట్‌తో మాయమవుతుంది. యూనిట్‌లో 'రన్‌టైమ్‌డైరెక్టరీ' రాస్తే సర్వీసు లేచే ప్రతిసారీ సిస్టమ్‌డియే తయారుచేసి, సరైన యూజర్‌కు అప్పగిస్తుంది.

అయినా 'అడ్రస్‌ను బైండ్ చేయలేను' అంటుంటే, ఐపీ రాకముందే సర్వీసు లేస్తోందన్నమాట. 'నెట్‌వర్క్ టార్గెట్' తర్వాత అని రాయడం చాలదు. 'నెట్‌వర్క్-ఆన్‌లైన్ టార్గెట్'ను 'ఆఫ్టర్'లోనూ 'వాంట్స్'లోనూ రాయండి. యూనిట్ ఫైల్ మార్చిన ప్రతిసారీ 'డీమన్-రీలోడ్' ఇచ్చి, చివరగా నిజంగానే ఒకసారి రీబూట్ చేసి చూడండి.